ఆపదవేళ అందరి మాట అందరికి చేరవలెను

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను ప్రసంగింపవలసిన విషయము ఉమ్మడి రేడియో వ్యవస్థ. పోలీసులు, అగ్నిమాపక దళము, అంబులెన్సులు, రెవెన్యూ, నీటిపారుదల, విద్యుత్ శాఖలు తమ తమ వైర్‌లెస్ యంత్రములను ఎవరికి వారు విడిగా పెట్టుకొనక, ఒకే వ్యవస్థను కలిసి వాడుకొనుటయే దీని భావము. ఇది పట్టణములకును, ఇంజనీర్లకును చెందిన సంగతి, గ్రామ పంచాయతీకి దీనితో పనియేమి అని మీకు తోచవచ్చును. కాని వరద వచ్చినను, తుపాను వచ్చినను మొట్టమొదట మునుగునది పల్లె. ఆ పల్లె కబురే అందరికంటె ఆలస్యముగా బయటికి వచ్చును. కనుక ఈ విషయము మనదే.

నేను చెప్పబోవునది పాటలు, వార్తలు వినిపించు రేడియోను గురించి కాదు. అది వినుటకు మాత్రమే ఉపకరించును. మీట నొక్కి మాటాడి, మీట వదలి అవతలివారి మాట వినెడి యంత్రము వేరు. పోలీసువారి చేత వాకీటాకీగా దానిని మీరందరు చూచియే యున్నారు.

కబురు అందకపోయిన నష్టము

1977 నవంబరు 19వ తేదీని మన కోస్తా ప్రజలు మరువలేరు. ఆనాడు దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన పదివేలమందికి పైగా ప్రాణములను బలిగొన్నది. గాలికి తీగలు తెగినవి, స్తంభములు కూలినవి, రోడ్లు నీట మునిగినవి. ఏ ఊరిలో ఎందరు మిగిలిరో, ఎవరికేమి కావలెనో చెప్పుటకు దారి లేకపోయెను. నష్టము ఎంతటిదో బయటి ప్రపంచమునకు తెలియుటకే ఆలస్యమయ్యెను.

ఆ అనుభవము వృథా కాలేదు. 1980వ దశకమున ఉపగ్రహము ద్వారా తుపాను హెచ్చరికలను అందుకొను యంత్రములను ఆంధ్ర, తమిళనాడు తీరములందు నెలకొల్పిరి. 1990 మే 9వ తేదీన కృష్ణా డెల్టాపై మరియొక తీవ్రమైన తుపాను వచ్చి పడెను. అప్పుడు మృతుల సంఖ్య వేయికి లోపుగానే నిలిచినది. ఒక్క ప్రాణము పోయినను నష్టమే. అయినను పదివేలకును వేయికిని గల భేదమును గమనింపుడు. హెచ్చరిక ముందుగా చేరుట, జనమును ముందుగా తరలించుట ఈ మేలునకు ముఖ్య కారణములు.

అయితే హెచ్చరిక పైనుండి క్రిందికి వచ్చునది. అది వచ్చిన తరువాత గ్రామము నుండి పైకి పోవలసిన మాట ఒకటి గలదు. "మా కట్ట తెగుచున్నది", "మా బడిలో నూరుమంది చిక్కుకొన్నారు", "మాకు పడవ కావలెను" అను మాట అది. హెచ్చరిక మనలను సిద్ధపరచును. జవాబు చెప్పగల సాధనము మనలను బ్రతికించును. ఈ రెండవది నేటికిని బలహీనముగానే యున్నది.

సెల్‌ఫోను చాలదా?

ప్రతి యింట సెల్‌ఫోను ఉండగా వైర్‌లెస్ ఎందుకు అని మీరు అడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు అంతటి మహానగరమునందే విద్యుత్తు నిలిచిపోయినది, ఫోన్లు మూగవోయినవి. దీనికి మూడు కారణములు గలవు. మొదటిది, ఫోను టవరునకు కరెంటు ఆగి, బ్యాటరీ అయిపోయిన పిదప టవరు పనిచేయదు. రెండవది, టవరు నిలిచియున్నను, దానిని కేంద్రముతో కలుపు తీగ తెగినచో మాట ముందుకు పోదు. మూడవది, ఆపద తెలిసిన క్షణముననే లక్షలమంది తమ బంధువులను పిలువసాగుదురు. ఆ రద్దీలో అంబులెన్సు డ్రైవరు పిలుపును, కుతూహలముతో పిలుచువాని పిలుపును సామాన్యమైన ఫోను వ్యవస్థ ఒకే విధముగా చూచును.

పైగా ఫోనులో సాధారణముగా ఒకరు ఒకరితో మాటాడుదురు. పదిమంది సహాయకులకు ఒకే సంగతి చెప్పుటకు పదిసార్లు పిలువవలెను. వైర్‌లెస్‌లో ఒకరు మాటాడగా ఆ జట్టులోని వారందరు ఒక్కసారే విందురు. ఆపదవేళ ఈ గుణము విలువ లెక్కకట్టరానిది.

వేర్వేరు యంత్రములు, వేర్వేరు చెవులు

వైర్‌లెస్ ఉన్నంతమాత్రమున చాలదు. ఒక శాఖ యంత్రము మరియొక శాఖ యంత్రముతో మాటాడలేకపోయినచో, ఒకే చోట నిలిచియున్నను ఇరువురు పరాయివారే. దీనికి లోకమంతయు ఎరిగిన ఉదాహరణము 2001 సెప్టెంబరు 11వ తేదీన న్యూయార్కు నగరమున జరిగినది. విమానములు ఢీకొన్న జంట భవనములలో దక్షిణ భవనము ముందుగా కూలినది. ఉత్తర భవనము పరిస్థితి విషమించుచున్నదని పోలీసు హెలికాప్టరులలోనివారు గమనించి తమ రేడియోలో హెచ్చరించిరి. ఆ మాట పోలీసులకు చేరెను. అగ్నిమాపక దళమువారి రేడియోలు వేరు. హెలికాప్టరులోని వారికిని, వీరికిని నేరుగా సంబంధము లేదు. లోపల మెట్లపై నున్న అగ్నిమాపక సిబ్బందిలో అనేకులకు ప్రమాద తీవ్రత తెలియలేదు. ఉదయము 10 గంటల 28 నిమిషములకు ఆ భవనము కూడ కూలెను. ఆ రోజున మరణించిన అగ్నిమాపక సిబ్బంది 343 మంది.

ఆ మరణములన్నియు రేడియో లోపము వలననే సంభవించినవని నేను చెప్పుట లేదు. కాని ఒక శాఖకు తెలిసిన ప్రాణావసరమైన సంగతి పక్కనున్న శాఖకు చేరుటకు దారి లేకుండుట ఎంతటి దోషమో ఆ దినము లోకమునకు చాటిచెప్పినది. ధనమునకు గాని, యంత్రములకు గాని లోటులేని నగరమునందే అట్లు జరిగినప్పుడు, వరదనీటి నడుమ రెవెన్యూ అధికారి యొకవైపు, పోలీసు జట్టు ఒకవైపు, పడవల వారు ఒకవైపు ఉండు మన పరిస్థితి ఏమగునో ఊహించుకొనుడు.

ఉమ్మడి చెరువు వంటిది

ఇప్పుడు ఉమ్మడి వ్యవస్థ పనిచేయు తీరును మన భాషలో చెప్పెదను. గాలిలో మాటలు పోవుటకు గల దారులు పరిమితమైనవి. వాటిని ప్రభుత్వము పంచి ఇయ్యవలెను. ఐదు శాఖలకు తలకు రెండు చొప్పున పది దారులు పంచియిచ్చితిరి అనుకొనుడు. ఒక రాత్రి అగ్నిప్రమాదము జరిగినది. అగ్నిమాపక శాఖవారి రెండు దారులు నిండిపోయినవి. మూడవ మాటకు చోటు లేదు. అదే సమయమున తక్కిన నాలుగు శాఖల ఎనిమిది దారులు ఊరక పడియున్నవి. ఇది ఇంటింటికి ఒక చిన్న గుంట త్రవ్వుకొని, ఒకని గుంట ఎండియుండగా పక్కవాని గుంట పొర్లిపోవుట వంటిది.

ఉమ్మడి పద్ధతిలో పది దారులను ఒకే చెరువుగా చేయుదురు. ఎవరు మీట నొక్కిన, ఖాళీగా ఉన్న దారిని యంత్రమే వెదకి వారికిచ్చును; వారి మాట ముగియగానే దానిని వెనుకకు తీసికొని మరియొకరికి ఇచ్చును. నీరుకట్టువాడు కాలువ నీటిని అవసరమైన పొలమునకు మళ్లించినట్లు, కేంద్రమునందలి కంప్యూటరు దారులను మళ్లించుచుండును. దీనినే ట్రంకింగ్ అందురు. ఇట్టి వ్యవస్థలకై ఐరోపాలో 1990వ దశకమున రూపొందిన పద్ధతి టెట్రా. అందులో 25 కిలోహెర్ట్‌జ్ వెడల్పుగల ఒక్క దారిని కాలమును బట్టి నాలుగు వంతులుగా పంచి, నలుగురి సంభాషణలను ఒకేసారి నడిపింతురు. మీట నొక్కిన అర సెకండు లోపుననే మాట అవతలికి చేరును.

దారులు ఉమ్మడియైనంత మాత్రమున అందరి మాటలు అందరు విందురని భయపడనక్కరలేదు. ప్రతి శాఖకు తన జట్టులు వేరుగా ఉండును. పోలీసువారి రహస్యములు పోలీసువారికే వినవచ్చును. మాటలను సంకేతరూపమున మార్చి పంపుదురు గనుక దారిన పోవువాడు వినజాలడు. కాని "వరద జట్టు" అని ముందుగానే ఒక జట్టును ఏర్పరచినచో, అవసరమైన గడియలో అన్ని శాఖలవారు మీట త్రిప్పి అందులోనికి వచ్చి కలిసికొందురు.

ఇంకను రెండు సౌకర్యములు చెప్పదగినవి. ప్రాణాపాయమున నున్నవాడు ఎర్రని మీట నొక్కినచో, దారులన్నియు నిండియున్నను ఇతరుల మాటను ఆపి అతని మాటకు చోటు దొరకును. టవరు కూలిపోయినచో, దగ్గర దగ్గరగా ఉన్న యంత్రములు టవరుతో పనిలేకుండ నేరుగా ఒకదానితో నొకటి మాటాడుకొనగలవు. సామాన్యమైన సెల్‌ఫోను ఈ పని చేయదు.

ఇతర దేశముల అనుభవము

ఫిన్లాండు దేశము 2000వ సంవత్సరము దాటిన తొలి యేండ్లలోనే తన దేశమంతటికి వీర్వె అను ఉమ్మడి వ్యవస్థను నిర్మించుకొన్నది. పోలీసులు, అగ్నిమాపకులు, వైద్య సిబ్బంది, సరిహద్దు రక్షకులు అందరు దానినే వాడుదురు. నార్వే దేశము తన వ్యవస్థను 2015లో పూర్తిచేసినది. కరెంటు పోయినను ఆగకుండుటకై అక్కడి టవరు స్థావరములకు బ్యాటరీ నిలువ ఏర్పాటుచేసిరి; ముఖ్యమైన స్థావరములకు ఆ నిలువ మరింత ఎక్కువ. టవరునకు ప్రాణము బ్యాటరీయే అను పాఠమును ఇక్కడ గ్రహింపవలెను.

అమెరికా దేశము 2001 నాటి దుర్ఘటన పిమ్మట పదునొకండేండ్లకు, అనగా 2012లో, ఆపత్కాల సేవలకై ప్రత్యేక వ్యవస్థను స్థాపించుటకు శాసనము చేసినది. అంతటి విషాదము తరువాత కూడ ఇన్ని సంవత్సరములు పట్టుటకు యంత్రముల కొరతయే కారణము కాదు. ఎవరి దారి వారికే ఉండవలెనను పట్టుదలను విడుచుట ఏ దేశమునందును సులభము కాదు.

బ్రిటను అనుభవము మరియొక విధమైనది. అక్కడి పోలీసు దళములన్నియు 2005 నాటికి ఎయిర్‌వేవ్ అను ఉమ్మడి వ్యవస్థలో చేరినవి. పిమ్మట అగ్నిమాపకులు, అంబులెన్సులు చేరినవి. వ్యవస్థ బాగుగానే పనిచేసినది. కాని అది ఒకే ప్రైవేటు కంపెనీ చేతిలో నుండుటచే, ధర అధికమని తేల్చి 2023లో అక్కడి పోటీ నియంత్రణ సంస్థ పరిమితి విధింపవలసి వచ్చెను. దాని స్థానమున తలపెట్టిన కొత్త వ్యవస్థ అనుకొన్న గడువునకు పూర్తికాక ఏండ్ల తరబడి ఆలస్యమైనది. ఉమ్మడిగా కట్టుకొన్న చెరువు తాళపుచెవి ఒక్కని చేతిలో పెట్టరాదు. కొత్త గట్టు నిలుచువరకు పాత గట్టును తెగగొట్టరాదు. ఈ రెండు నీతులు దేశమునకును, ఊరికిని సమానమే.

మన దేశమున

మన దేశమున పోలీసు వైర్‌లెస్ కార్యములను సమన్వయపరచుటకు 1946లోనే కేంద్రమున ఒక డైరెక్టరేటు ఏర్పడెను. 2018లో టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్, ప్రజారక్షణకును, విపత్తు సహాయమునకును దేశవ్యాప్తమైన సమగ్ర వ్యవస్థ కావలెనని సిఫారసు చేసినది. పోలీసునకు 100, అగ్నిమాపకమునకు 101, అంబులెన్సునకు 108 అని వేర్వేరుగా పిలుచుటకు బదులు 112 అను ఒకే సంఖ్య వచ్చినది. దీనిచే ప్రజల పిలుపు ఒక్క వాకిట చేరుచున్నది. ఆ పిలుపునందుకొన్న శాఖలు తమలో తాము కలిసి మాటాడుకొనుట దీనికి తరువాతి మెట్టు.

మన తెలుగు నేలకు ఈ విద్యలో ఒక గౌరవము గలదు. అభిరుచితో వైర్‌లెస్ నేర్చినవారిని హామ్‌లు అందురు. వారికి శిక్షణ నిచ్చు జాతీయ సంస్థ హైదరాబాదున 1983లో వెలసినది. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ అండమానును ముంచివేసినప్పుడు, ఆ సంస్థ తరపున హామ్ కార్యక్రమమునకై వెళ్లిన బృందము పోర్ట్ బ్లెయిరులోనే యున్నది. తీగలు తెగిన ఆ ద్వీపముల నుండి వారు తమ చిన్న యంత్రములతో క్షేమసమాచారములను ప్రధాన భూమికి చేరవేసిరి. పెద్ద వ్యవస్థ కూలినప్పుడు నేర్పుగల నలుగురు మనుష్యులు ఎంతటి పని చేయగలరో దీనివలన తెలియుచున్నది.

పంచాయతీ చేయవలసినది

ఇక అసలు విషయము. ఎన్ని కోట్లతో ఎంతటి వ్యవస్థ నిర్మించినను, దాని చివరి కొస మండల కేంద్రముననే ఆగిపోయినచో పల్లెకు ప్రయోజనము లేదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము తన 41వ విభాగమున, స్థానిక సంస్థలు తమ సిబ్బందికి శిక్షణ ఇప్పింపవలెనని, సాధనములను సిద్ధముగా ఉంచవలెనని నిర్దేశించుచున్నది. కనుక ఇది మీకు దయతో ఇచ్చినది కాదు, చట్టము మీపై ఉంచిన బాధ్యత. బాధ్యత గలవారికి అడుగు హక్కును గలదు.

మొదటి పని, గ్రామసభలో చర్చించి తీర్మానము చేయుడు. "వరద, తుపాను వేళలలో మా పంచాయతీ ఏ వైర్‌లెస్ కేంద్రముతో మాటాడవలెను? ఏ జట్టులో మాకు చోటున్నది? యంత్రము ఎవరివద్ద ఉండును?" అని వ్రాసి జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు పంపుడు. దానికి అధ్యక్షులు కలెక్టరుగారే. స్పష్టమైన ప్రశ్న వచ్చినచో స్పష్టమైన జవాబు రావలెను.

రెండవ పని, చోటు నిర్ణయించుడు. యంత్రమును, బ్యాటరీని నేలగదిలో పెట్టరాదు; మొదట మునుగునది అదియే. తుపాను ఆశ్రయము మేడపైన గాని, బడి మిద్దెపైన గాని పెట్టవలెను. సౌరఫలకము గాని, జనరేటరు గాని ఉన్నచో మేలు. జనరేటరు ఉన్నచోట డీజిలు ఉన్నదో లేదో వర్షాకాలమునకు ముందే చూచుకొనవలెను. పిడుగుల నుండి రక్షణకు స్తంభమునకు ఎర్తు వేయింపవలెను.

మూడవ పని, మనుష్యులను తయారుచేయుడు. ఒక్కరికే నేర్పినచో ఆ ఒక్కరు ఊరిలో లేని రాత్రియే వరద వచ్చును. పంచాయతీ కార్యదర్శి, ఆశా కార్యకర్త, ఒక ఉపాధ్యాయుడు, ఇద్దరు యువతీయువకులు, ఈ విధముగా ఐదుగురికైనను నేర్పవలెను. అనుమతి లేకుండ ప్రసార యంత్రమును వాడుట చట్టవిరుద్ధము. కనుక బజారున దొరకిన యంత్రమును కొని వాడబోకుడు. జిల్లా అధికారుల ద్వారానే పొందుడు.

నాలుగవ పని, మాటాడు పద్ధతి నేర్చుకొనుడు. ఒకరు మీట నొక్కియుంచినంతసేపు ఆ జట్టులో మరియొకరు మాటాడలేరు. కావున మాట పొదుపుగా ఉండవలెను. "అయ్యా, ఇక్కడ మా పరిస్థితి చాల ఘోరముగా ఉన్నది, తమరు వెంటనే దయచేయవలెను" అన్నచో విన్నవారికి ఏమియు తెలియదు. "కట్ట దిగువ కాలనీ. నలుబదిమంది బడి మిద్దెపై ఉన్నారు. నీరు నడుములోతు. ఇద్దరు గర్భిణులు. ఒక పడవ కావలెను. తూర్పు దారి తెరచియున్నది" అన్నచో పని ప్రారంభమగును. ఎవరు, ఎక్కడ, ఏమి, ఎందరు, ఏమి కావలెను అను ఐదు మాటలు గుర్తుంచుకొనుడు. విన్నవారు దానిని తిరిగి చెప్పవలెను. తిరిగి చెప్పని కబురు చేరనట్లే భావింపవలెను.

ఐదవ పని, యంత్రము నుండి గడపవరకు దారి వేయుడు. కబురు పంచాయతీ కార్యాలయమునకు వచ్చిన తరువాత ఊరివారికి చేరునది టముకు ద్వారా, గుడి మైకు ద్వారా, మసీదు మైకు ద్వారా, చర్చి గంట ద్వారా. పొలములలో మందలు కాయువారికి, వేటకు పోయిన మత్స్యకారులకు, ఇటుకబట్టీలలో పనిచేయు వలస కూలీలకు, చెవి వినబడని వృద్ధులకు ఎవరు చెప్పవలెనో పేరు పేరున వ్రాసి గోడపై అంటింపుడు. మన జాబితాలో లేనివాడే వరదలో కొట్టుకొనిపోవును.

ఆరవది అన్నిటికంటె ముఖ్యమైనది. నెలకొకసారి అభ్యాసము చేయుడు. వాడని యంత్రము బ్యాటరీ చచ్చిపోవును. వాడని మనిషి చేయి వణకును. నెలలో ఒక రోజున నిర్ణీతమైన గంటకు మండల కేంద్రమును పిలిచి, జవాబు వచ్చినదో లేదో పుస్తకములో వ్రాసి సంతకము చేయుడు. జవాబు రానిచో ఆ పుస్తకమే మీ ఫిర్యాదునకు సాక్ష్యము.

సోదర సోదరీమణులారా, ఉమ్మడి వ్యవస్థ యనగా ఉమ్మడి యంత్రము మాత్రమే కాదు, ముందుగా కుదుర్చుకొన్న ఒప్పందము. ఎవరు ఎవరితో మాటాడవలెను, ఎవరి మాటకు ముందు చోటియ్యవలెను, విన్నవారు ఏమి చేయవలెను అనునది ఎండ కాయుచున్న దినముననే నిర్ణయము కావలెను. గాలివాన మొదలైన తరువాత పరిచయములు చేసికొనుటకు వ్యవధి ఉండదు. శాఖలు తమలో తాము కలియుట ప్రభుత్వము చేయవలసిన పని; ఆ కలయికలో గ్రామమునకు ఒక గొంతు, ఒక చెవి ఉండునట్లు చూచుట మీ పని. వచ్చు వర్షాకాలము లోపుగా ప్రతి పంచాయతీయు ఈ విషయమును ఒక్కసారి తన అజెండాలో చేర్చి తీర్మానింపవలసినదిగా కోరుచు, నా ప్రసంగమును ముగించుచున్నాను.